బూమ్ నెత్తిన పడుతోంది, ఏం కట్టాలి?

ప్రశ్న: మాది దేవరకొండ. బడిలో లెక్కల సారుగా పనిచేసి రిటైర్ అయ్యాను. సికింద్రాబాద్‌లో ఒకాయన దగ్గర పాత ఫైబర్ తెరచాప పడవ కొన్నాను. పొడవు 19 అడుగులు, వయసు 40 ఏళ్లకు పైనే. ట్రైలర్ మీద తెచ్చి నాగార్జునసాగర్ వెనుక జలాల్లో, వైజాగ్ కాలనీ వైపు దింపుకుంటున్నాం. సమస్య ఏందంటే, మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) దించగానే దాని అడుగున ఉండే అడ్డ కడ్డీ, అదే బూమ్, దబ్బున కిందికి వస్తుంది. పోయిన నెల మా బామ్మర్ది నెత్తి మీద పడి బొప్పి కట్టింది. మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, లాగి పట్టే వెనుక తీగకు ఒక చిన్న వైరు ముక్క, దానికి కొక్కెం ఉన్నాయి. బూమ్ దానికి తగిలించుకోమని అమ్మినాయన చెప్పాడు. హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే చిన్న రేసు పడవ నడిపే ఒక అబ్బాయి ఇవేవీ అక్కర్లేదంటాడు. ఇంకో దోస్తు స్ప్రింగు కిక్కర్ (బూమ్‌ను కింద నుంచి ఎత్తిపట్టే కడ్డీ) కొనమంటాడు. బూమ్ చివరను మాస్ట్ కొన నుంచి పట్టి ఉంచే తాడు, టాపింగ్ లిఫ్ట్, చాలదా? వేస్తే ఏ తాడు, ఎంత, ఎక్కడ కట్టాలి? లేజీ జాక్స్ కూడా వేయించాలా? బూమ్ నుంచి మాస్ట్ కొన దాకా ఆరున్నర మీటర్లు, బూమ్ 2.8 మీటర్లు. మాస్ట్ కొనన వెనుకవైపు వాడని చిల్లు ఒకటుంది. బూమ్‌ను మాస్ట్‌కు కలిపే కీలు, గూస్‌నెక్, మాస్ట్ మీది పట్టాలో పైకీ కిందికీ జరుగుతుంది.

సమాధానం: సార్, టాపింగ్ లిఫ్ట్ చాలు. 6 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు, ఒక కప్పి, ఒక క్లీట్ (తాడు చుట్టి కట్టే కొమ్ముల బిళ్ల), రెండు షాకిళ్లు (మర పిన్నుతో మూసే లోహపు కొక్కేలు), వీటితో పని అయిపోతుంది. కిక్కర్ మీ పడవకు వద్దు. ఎందుకు వద్దో లెక్క వేసే చెబుతాను, మీరు తప్పులుంటే దిద్దుకోవచ్చు. కానీ వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వెనుక తీగకున్న ఆ కొక్కెం ముక్కను ఈ వారమే విప్పి పారేయండి.

ఆ ముక్క పాత చిన్న పడవల్లో చాలావాటికి కనిపిస్తుంది. ఒడ్డున ఆగి ఉన్నప్పుడు బూమ్ చివరను దానికి తగిలిస్తే బూమ్ కదలకుండా నిలబడుతుంది. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా దాన్ని విప్పడం మరచిపోయి సెయిల్ ఎత్తినప్పుడు వస్తుంది. గాలి ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు తెరచాప పడవను ముందుగా కాపాడేది షీట్‌ను, అంటే బూమ్‌ను లాగి పట్టే తాడును, వదిలేయడం. షీట్ వదిలితే బూమ్ పక్కకు పోయి సెయిల్‌లోని గాలి కారిపోతుంది, పడవ లేచి నిలబడుతుంది. బూమ్ చివర వెనుక తీగకు కట్టేసి ఉంటే షీట్ ఎంత వదిలినా బూమ్ పోదు. సెయిల్ గాలిని పట్టుకునే ఉంటుంది, పడవ వాలుతూనే ఉంటుంది. సాగర్ వెనుక జలాల్లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే ఈదురుగాలి ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి గాలిలో ఆ కొక్కెం విప్పడానికి వెనక్కు పాకాల్సి వస్తే అప్పటికే ఆలస్యమైనట్టే. జాగ్రత్తగా వాడుకుంటామని కొందరు ఉంచుకుంటారు. నాకైతే ఆ వాదన నచ్చదు. బూమ్‌ను నిలబెట్టడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉన్నప్పుడు ప్రమాదానికి దారి తెరిచి పెట్టుకోవడం దేనికి?

లేజర్ నడిపే అబ్బాయి చెప్పింది అతని పడవ వరకు నిజమే. లేజర్‌లో సెయిల్‌ను మాస్ట్‌కు గొట్టంలా తొడుగుతారు. నీళ్ల మీద సెయిల్ దించే పనే ఉండదు, ఒడ్డుకు వచ్చాక బూమ్‌ను ఊడదీసి పక్కన పెడతారు. అందుకే క్లబ్బుల్లో చిన్న రేసు పడవలు నేర్చుకున్నవాళ్లలో చాలామందికి టాపింగ్ లిఫ్ట్‌తో పనే పడదు. మీరు మాత్రం నీళ్ల మీదే సెయిల్ దించి, మోటారు వేసుకునో, తెడ్డు వేసుకునో ఒడ్డుకు వస్తారు. ఆ కాసేపు బూమ్‌ను ఏదో ఒకటి పట్టుకోవాలి.

బూమ్‌ను ఎవరు మోస్తున్నారన్నది తెలిస్తే మిగతా అమరికంతా దానంతటదే అర్థమవుతుంది. సెయిల్ ఎత్తి ఉన్నప్పుడు బూమ్ చివరను మోసేది సెయిలే. దాని వెనుక అంచును లీచ్ అంటాం, ఆ అంచే తాడులా పనిచేసి బూమ్‌ను పైకి పట్టి ఉంచుతుంది. సెయిల్ దించగానే ఆ పట్టు పోతుంది. ఎద్దులను విప్పగానే బండి కాడి కింద ఊతకర్ర పెడతాం చూడండి, టాపింగ్ లిఫ్ట్ పని అంతే. ఎద్దులను కట్టాక కర్ర తీసేయాలి, లేకపోతే బండి కదలదు. అలాగే సెయిల్ ఎత్తాక టాపింగ్ లిఫ్ట్ వదులు కావాలి. దాని మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి సగం ఈ వదులు చేయడం మరవడం వల్ల వచ్చేవే.

ఇప్పుడు లెక్క. మీ పడవ సైజుకు బూమ్ 7 కిలోలు, దాని మీద ముడుచుకుని ఉన్న సెయిల్ 5 కిలోలు అనుకుందాం. మొత్తం 12. ఆ బరువు బూమ్ మధ్యలో ఉన్నట్టు తీసుకుంటే చివర మీద పడేది సగం, 6 కిలోలు. టాపింగ్ లిఫ్ట్ తాడు నిట్టనిలువుగా ఉండదు, ఆరున్నర మీటర్ల ఎత్తుకు 2.8 మీటర్లు వెనక్కు వాలి ఉంటుంది, అంటే నిలువుకు సుమారు 23 డిగ్రీలు. తాడులో లాగుడు సుమారు ఆరున్నర కిలోలే. ఎవరైనా 70 కిలోల మనిషి పడవ ఊగినప్పుడు బూమ్ చివర పట్టుకుని వేలాడితే? అప్పుడు కూడా 83 కిలోలు. 6 మిల్లీమీటర్ల మంచి పాలిస్టర్ అల్లిక తాడు తెగాలంటే వందల కిలోలు కావాలి. కాబట్టి తాడు గురించి దిగులు అక్కర్లేదు. పైగా ఈ తాడు బూమ్‌ను కాస్త ముందుకు, మాస్ట్ వైపుకు నొక్కుతుంది. గూస్‌నెక్ అలవాటుగా మోసే బరువు అదే.

ఇదే పనికి కిక్కర్ పెడితే ఏమవుతుందో చూడండి. కిక్కర్ మాస్ట్ అడుగు నుంచి ఏటవాలుగా లేచి బూమ్‌ను కింద నుంచి ఎత్తి పట్టుకుంటుంది. అది బూమ్‌కు తగిలేది మాస్ట్‌కు దగ్గరగానే, మీ పడవలో 70 సెంటీమీటర్ల దూరంలో అనుకోండి. 12 కిలోల బరువు 1.4 మీటర్ల దూరంలో ఉంటే దాన్ని 0.7 మీటర్ల దగ్గర ఆపాలి, అంటే రెట్టింపు, 24 కిలోలు పైకి తోయాలి. కిక్కర్ 45 డిగ్రీల వాలులో ఉంటే దాని పొడవు వెంట తోపు 34 కిలోలు. ఇంతవరకు పరవాలేదు. ఇప్పుడు మళ్లీ ఆ 70 కిలోల మనిషిని బూమ్ చివర వేలాడదీయండి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయాక కిక్కర్ 304 కిలోలు పైకి మోయాలి. పొడవు వెంట చూస్తే 430 కిలోలు. అదే తోపు బూమ్‌ను 304 కిలోలతో మాస్ట్ నుంచి వెనక్కు లాగుతుంది, గూస్‌నెక్‌ను 222 కిలోలతో పైకి ఎత్తుతుంది. అదే మనిషి, అదే బూమ్, కానీ తాడుకు 83 అయితే ఇక్కడ అన్నీ వందల్లో ఉన్నాయి.

పోయిన నెల మీ బామ్మర్ది నెత్తికి తగలకుండా చేతులతో బూమ్‌ను పట్టుకుని వేలాడి ఉంటే ఏమయ్యేదన్నది ఊరికే వేసిన ఊహ కాదు. పడవ ఊగితే మనిషి చేయి మొదట పోయేది బూమ్ మీదికే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట చివరిది, గూస్‌నెక్ పట్టాలో జరుగుతుందన్నది. ఆ రోజుల్లో సెయిల్ ముందు అంచును బిగించడానికి బూమ్‌నే కిందికి లాగేవారు, అందుకే ఆ పట్టా. కిందికి లాగే బరువును, మాస్ట్ వైపు నొక్కే బరువును మోయడం దానికి తెలుసు. పైకి తోస్తే మాత్రం అది లిఫ్టులా పైకి పోతుంది. కిక్కర్ బిగించిన రోజే మీ బూమ్ చివర లేవడానికి బదులు ముందు భాగం లేచి కూర్చుంటుంది. దాన్ని ఆపడానికి పట్టాకు అడ్డు బిగించాలి, బూమ్ అడుగున కొత్త పట్టీ, మాస్ట్ అడుగున కొత్త పట్టీ వేయాలి, 40 ఏళ్ల అల్యూమినియానికి కొత్తగా చిల్లులు పెట్టాలి. మన దగ్గర తలుపులు, కిటికీలు చేసేవాళ్ల వద్ద దొరికే అల్యూమినియం రివెట్లు ఆ బరువుకు నిలవవు. ఇంత చేసి మీకు దక్కేది టాపింగ్ లిఫ్ట్ ఇచ్చేదే.

కిక్కర్‌కు మంచి గుణాలు లేవని కాదు. గాలి బాగా తక్కువ ఉన్న రోజు అది బూమ్ బరువును సెయిల్ మీద పడనీయదు, సెయిల్ కడుపు నిండుగా ఉంటుంది. సెయిల్ వెనుక వేలాడే తాడు ఉండదు. దాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన కొత్త పడవ అయితే నేనే పెట్టించమంటాను. మీ దోస్తును మాత్రం ఒకసారి అడిగి చూడండి, ఆయన చెబుతున్నది కడ్డీ గురించేనా, లేక బూమ్‌ను కిందికి లాగే కప్పీల తాడు గురించా అని. రెండింటినీ జనం కిక్కర్ అనే అంటారు. ఆ కప్పీల తాడు మీ పడవకు ఉంటే ఉంచండి, లేకపోతే తర్వాత వేయించుకోండి. కానీ అది బూమ్‌ను మోయదు, లాగుతుందంతే.

ఇక సామాను. తాడు పాలిస్టర్‌దే తీసుకోండి. నల్గొండలోనో, దేవరకొండలోనో తాళ్ల కొట్టుకు పోయి గట్టి తాడు అడిగితే నైలాన్ ఇస్తారు. అది గట్టిదే, కానీ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. రాత్రి కట్టిన బూమ్ తెల్లారేసరికి కాస్త కిందికి దిగి ఉంటుంది. టార్పాలిన్లు కట్టే రంగు రంగుల ప్లాస్టిక్ తాడు ఇంకా వద్దు, మన ఎండలకు దాని పోగులు పొడిపొడిగా రాలిపోతాయి. బట్టలారేసుకునే ప్లాస్టిక్ తొడుగు వైరు కూడా కొందరు వాడతారు. పైన నిగనిగలాడుతూ ఉండగానే లోపల తుప్పు పట్టి, ఏ సూచనా లేకుండా తెగుతుంది. బోరు మోటార్లు దింపే వైరు తాడు మన జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుంది, తెగదు కూడా. కానీ బరువు ఎక్కువ, తెగిన పోగులు ముళ్లలా లేస్తాయి, వదులుగా ఉన్నప్పుడు ఊగుతూ సెయిల్ అంచును రంపంలా కోస్తుంది. స్టెయిన్‌లెస్ సన్న వైరు చక్కటి ఎంపికే, పాత పడవల్లో చాలావాటికి అదే ఉండేది. అయితే దాని చివరలు నొక్కడానికి పనిముట్టు, పనివాడు కావాలి. మీకు తాడే సులువు. తెరచాప పడవల తాళ్లు మన ఊళ్లలో దొరకవు. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బు వైపు వెళ్లినప్పుడు అక్కడ ఎక్కడ తెప్పించుకుంటారో అడగండి. రేసు పడవల మీద నుంచి తీసేసిన పాత షీట్ తాడు దొరికినా మీ పనికి సరిపోతుంది, మధ్యలో అరుగుడు లేకపోతే.

పొడవు మీకే తేలిక. ఆరున్నర, 2.8 భుజాలు, కర్ణం 7.1 మీటర్లు. కొలతలో తేడా ఉంటే సరిపోవడానికి 30 సెంటీమీటర్లు. బూమ్ చివర నుంచి ముందుకు క్లీట్ దాకా 1.2 మీటర్లు. ముడులకు, చేతిలో పట్టుకునే తోకకు ఇంకో మీటరున్నర. మొత్తం పది మీటర్ల పైచిలుకు. 11 మీటర్లు కొనండి, మిగిలితే కోసుకోవచ్చు.

పై చివరను మాస్ట్ కొనన ఆ ఖాళీ చిల్లుకు స్టెయిన్‌లెస్ షాకిల్‌తో తగిలించాలి. తాడు నేరుగా షాకిల్ మీద రుద్దుకోకూడదు, లోపల థింబుల్ (తాడు అరగకుండా కాపాడే లోహపు గాడి) పెట్టి కన్ను అల్లించండి. అల్లడం రాకపోతే బౌలైన్ ముడి వేసి, తోకను అడుగు పొడవు వదిలి, దాన్ని అసలు తాడుకు చెప్పులు కుట్టే దారంతో కుట్టేయండి. షాకిల్ పిన్నును సన్న స్టెయిన్‌లెస్ తీగతో చుట్టి ముడేయకుండా మాస్ట్ ఎత్తవద్దు. ఊగి ఊగి పిన్ను మర తిరిగి ఊడిపోతుంది, అప్పుడు మళ్లీ మాస్ట్ దించాల్సిందే. వెనుక తీగ పిన్నుకే దీన్ని కూడా తగిలిస్తే పోలా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మీకు విడిగా చిల్లు ఉండనే ఉంది. హాల్యార్డ్ (సెయిల్‌ను పైకి లాగే తాడు) ఈ తాడుతో మెలిక పడకుండా స్వేచ్ఛగా పోతోందో లేదో కింద ఉండగానే లాగి చూడండి.

కింది చివర ఇలా. బూమ్ చివర బిగించి ఉన్న పోత ముక్కకు పైవైపున చిన్న కప్పి తగిలించండి. తాడు పై నుంచి వచ్చి కప్పిలో తిరిగి బూమ్ పక్క వెంట ముందుకు వస్తుంది. చివర నుంచి 1.2 మీటర్ల దగ్గర, మీరు చుక్కాని దగ్గర కూర్చుంటే చేయి అందేచోట, రెండు కొమ్ముల మామూలు క్లీట్ బిగించండి. పళ్లతో కరిచిపట్టే క్లీట్లు ముచ్చటగా ఉంటాయి గానీ మోచేయి తగిలినా విడిపోతాయి, బూమ్ కింద మనుషులు కూర్చునే చోట నాకు వాటి మీద నమ్మకం లేదు. తోక చివర గట్టి ముడి తప్పనిసరి. క్లీట్ నుంచి జారినా తాడు కప్పి దగ్గర ఆగాలి. క్లీట్‌కు 5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ మరలు వాడితే మర మీద జింక్ క్రోమేట్ పేస్టు రాయండి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం నేరుగా తగిలితే అల్యూమినియం తెల్ల పొడిగా రాలిపోతుంది. సముద్రంలో అయితే త్వరగా, మన మంచినీళ్లలో నెమ్మదిగా, అంతే తేడా.

బూమ్ చివరి పోత ముక్కను మాత్రం బిగించే ముందు కిరసనాయిలుతో కడిగి, భూతద్దం పెట్టి చూడండి. పాత పోత అల్యూమినియంలో చిల్లు చుట్టూ వెంట్రుక లాంటి పగుళ్లు ఉండొచ్చు. ఉంటే కొత్తది చేయించాకే మిగతా పని. ఇంకో విషయం, ఆ కాలపు పడవల్లో కొన్నిటికి బూమ్ తనచుట్టూ తాను తిరిగి సెయిల్‌ను చుట్టుకునే ఏర్పాటు ఉండేది. మీ బూమ్ గుండ్రంగా ఉండి, గూస్‌నెక్ దగ్గర మర కడ్డీ పెట్టే చిల్లు ఉంటే మీది అదే రకం. అప్పుడు బూమ్ పక్కన క్లీట్ పెట్టకూడదు, సెయిల్ చుట్టుకుంటే అది చింపుతుంది. చివరన విడిగా తిరిగే కొక్కేనికి తాడు కట్టి, సర్దుబాటును మాస్ట్ వైపుకు తీసుకురావాలి. అంటే పైన చిల్లుకు కప్పి పెట్టి తాడును మాస్ట్ వెంట కిందికి దించాలి, తాడు దాదాపు రెట్టింపు కావాలి.

ఈ పనికి మాస్ట్ దించక తప్పదు. గాలి లేని పొద్దున, పడవ ట్రైలర్ మీద ఉండగా, ముగ్గురు మనుషులతో. నీళ్ల మీద వద్దు. ఇక్కడ ఒక మాట కాస్త గట్టిగా చెబుతాను. మీ మాస్ట్ కొన నీటి మట్టం నుంచి 27 అడుగుల దాకా ఉంటుంది, ట్రైలర్ మీదికి ఎక్కిస్తే ఇంకా ఎక్కువ. వెనుక జలాల ఒడ్డున పొలాల మోటార్లకు వేసిన కరెంటు తీగలు చాలాచోట్ల అంతకంటే కిందే వేలాడుతుంటాయి. అల్యూమినియం మాస్ట్ వాటికి తగలక్కర్లేదు, దగ్గరగా పోయినా చాలు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. మే నెలలో ఒడ్డు మీద ఎక్కడో పైన కనిపించిన తీగ, వరద వచ్చి జలాశయం నిండాక మీరు పడవ నడిపే వాగు మీదికే వస్తుంది. మీరు పడవ దింపే చోటు కూడా నీళ్లతో పాటు జరుగుతూ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ కొత్తగా తల పైకెత్తి చూడాల్సిందే.

బిగించాక నీళ్లలోకి పోకముందే పరీక్ష పెట్టండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు నింపి బూమ్ చివర వేలాడదీసి, ఒక రాత్రి వదిలేయండి. 40 కిలోలు. కింద ఎవరూ ఉండకుండా చూడండి, పిల్లలు, కుక్కలు కూడా. పొద్దున బూమ్ ఎంత దిగిందో కొలవండి. ముడులు బిగుసుకున్నందుకు కొంచెం దిగడం సహజం. బెత్తెడు కంటే ఎక్కువ దిగితే తాడు పాలిస్టర్ కాదేమో అనుమానించాలి.

వాడకం వరుస ఇది. సెయిల్ ఎత్తే ముందు టాపింగ్ లిఫ్ట్ లాగి బూమ్ చివరను మామూలు ఎత్తు కంటే జానెడు పైకి లేపి కట్టండి. అప్పుడే సెయిల్ బూమ్ బరువుతో కొట్లాడకుండా పైదాకా పోతుంది. హాల్యార్డ్ బిగించాక టాపింగ్ లిఫ్ట్ వదలండి. ఎంత వదలాలంటే, గాలికి ఎదురు వాలులో షీట్ గట్టిగా లాగినప్పుడు కూడా ఆ తాడు వదులుగా, చేత్తో ఓ బెత్తెడు అటూ ఇటూ జరిగేలా ఉండాలి. మరీ వదిలితే తిరిగినప్పుడు సెయిల్ అంచు దాని కింద ఇరుక్కుంటుంది. ఆ రెండు చోట్ల, అంటే ఎత్తినప్పటిది, వదిలినప్పటిది, తాడుకు రంగు దారం కుట్టి గుర్తు పెట్టండి. మీ బామ్మర్దికి చెప్పడం కూడా తేలికవుతుంది, ఎర్ర దారం దాకా లాగు, పచ్చ దారం దాకా వదులు అని. సెయిల్ అడుగున ముడతలు పడి, వెనుక అంచు వదులుగా కొట్టుకుంటూ, పడవ గాలికి ఎదురుగా పోనంటోందంటే సెయిల్ పాతబడిందని తిట్టుకోకముందు టాపింగ్ లిఫ్ట్ చూడండి. అది బిగుసుకునే ఉంటుంది.

వదులు తాడు గాలికి ఊగి టపటపలాడడం చికాకే. బూమ్ చివర నుంచి మీటరున్నర పైన తాడుకు ఒక ముడి వేసి, అక్కడి నుంచి బూమ్ చివరకు ఆ దూరం కంటే కాస్త పొట్టిగా ఉన్న ఎలాస్టిక్ తాడు లాగి కట్టండి, ఆ వదులును అది లాక్కుంటుంది. బండి మీద సామాను కట్టే ఎలాస్టిక్ అయినా పనిచేస్తుంది, ఎండకు చచ్చుబడితే మార్చుకోవాలి.

దించేటప్పుడు వరుస తారుమారు. ముందు టాపింగ్ లిఫ్ట్ ఎర్ర దారం దాకా లాగి కట్టాలి, తర్వాత షీట్ బిగించాలి, ఆ తర్వాతే హాల్యార్డ్ వదలాలి. మధ్యలో షీట్ బిగింపు ఎందుకంటే, పైకి టాపింగ్ లిఫ్ట్, కిందికి షీట్, ఈ రెండూ లాగి పట్టుకుంటేనే బూమ్ పక్కలకు ఊగదు. పై నుంచి పడే బూమ్ కంటే పక్క నుంచి ఊగి వచ్చే బూమ్ ఎక్కువ దెబ్బ తీస్తుంది, ఆ దెబ్బ నుంచి టాపింగ్ లిఫ్ట్ ఒక్కటే కాపాడదు. గాలి పెరిగి సెయిల్ కుదించాల్సి వచ్చినా మొదటి పని టాపింగ్ లిఫ్ట్ బిగించడమే, చివరి పని దాన్ని వదలడమే.

తాడు రావడం ఆలస్యమైతే ఈలోగా ఒక కొయ్య ఊత చేయించుకోండి. కత్తెరలా రెండు చెక్కలు, పైన గాడి, దాని మీద బూమ్ ఆనుతుంది. వడ్రంగి పూటలో చేసిస్తాడు. పడవ ఆగి ఉన్నప్పుడు, ట్రైలర్ మీద తీసుకుపోయేటప్పుడు తర్వాత కూడా అదే మేలు. రాత్రంతా, రోజంతా టాపింగ్ లిఫ్ట్ మీద బూమ్‌ను వేలాడదీసి ఉంచితే ఎండకు, ఊగుడుకు తాడు వృథాగా అరుగుతుంది.

లేజీ జాక్స్ సంగతికొస్తే, అవి దిగే సెయిల్ అటూ ఇటూ పడిపోకుండా బూమ్ మీదే నిలిపే సన్న తాళ్లు. బూమ్‌ను మోయడం వాటి పని కాదు, అవి ఉన్నా టాపింగ్ లిఫ్ట్ ఉండాల్సిందే. మీ సెయిల్ ఎనిమిది, తొమ్మిది చదరపు మీటర్లకు మించదు. ఒకరు హాల్యార్డ్ వదులుతుంటే ఇంకొకరు మడుచుకుంటూ పోవచ్చు. పైగా సెయిల్ ఎత్తేటప్పుడు అందులోని బద్దలు ఈ తాళ్లలో తగులుకుని తంటా పెడతాయి. ఒంటరిగా పడవ నడపాలని మీకు ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పటికి రెండు వేళ్ల వెడల్పున్న నవ్వారు ముక్కలు నాలుగు, ఒక్కోటి రెండు మూరలు, కోసి పడవలో పెట్టుకోండి. సెయిల్ కట్టడానికి అవి చాలు.